చిన్న ప్లేటు

మా తెలకపల్లిలోనేమి, వనపర్తి, గద్వాల ప్రాంతములలోనేమి, బలమనునది ఒకనాడు గుండుతో కొలువబడుచుండెను. జాతరనాడు నున్నని రాతిగుండును తొడలమీదికి లాగి, రొమ్మునకు హత్తుకొని, భుజముమీదుగా వెనుకకు పడవేసిన పడుచువానికి ఆ యేడంతయు పేరు నిలుచుచుండెను. ఎత్తలేనివాడు తలవంచి ప్రక్కకు తొలగుచుండెను. ఆ గుండునందు నాకు గోచరించు లోపమొక్కటే: అది ఎత్తగలవానికి గౌరవము నొసగును గాని, ఎత్తుట నేర్చుకొనగోరువానికి మెట్టు కాజాలదు. రాయి నేడు తేలికయై, వచ్చు మాసమున రవంత బరువెక్కదు కదా!

ఇనుపరాడ్డుకు ఇరువైపుల ప్లేట్లు తొడిగి నట్లు బిగించెడి డంబెల్స్ ఆ కొరతను తీర్చగలవు. అయినను వానిని కొనబోవువారు అంగడిలో మొట్టమొదట అడుగునది "మొత్తము ఎన్ని కిలోల సెట్టు?" అని. అడుగవలసినది "అన్నిటికంటె చిన్న ప్లేటు ఎంత?" అని నా దృఢమైన అభిప్రాయము. ప్లేట్లు రాడ్డుకు రెండువైపుల సమానముగ ఎక్కవలెను గనుక, రెండున్నర కిలోలకు తక్కువ ప్లేటు లేని సెట్టులో బరువు పెంచినపుడెల్ల ఒక్కొక్క డంబెల్ ఐదేసి కిలోలు పెరుగును. ఐదు కిలోలు ఎత్తుచున్న ఇల్లాలికి తరువాతి మెట్టు పది కిలోలగును! ఒకటింబావు కిలోల ప్లేట్లున్నచో ఆ మెట్టు రెండున్నరకును, అరకిలోవి ఉన్నచో ఒక్క కిలోకును దిగును. రెండు చేతులకు రెండు డంబెల్స్ కావలెను గనుక ఆ చిన్నవి నాలుగుండవలెను.

మెట్టు పెద్దదైనపుడు ఎంతటివారికైనను తడబాటు తప్పదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల తరగతిలో మన శ్రీకాకుళపు ఆడబిడ్డ కరణం మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యము గెలిచినది; 130 పిదప ఆమె కడపటి ప్రయత్నమునకు కోరిన బరువు 137.5 కిలోలు, అది లేవలేదు. స్వర్ణ రజతములు రెండును 242.5 కిలోలకే దక్కినవి. 130కిని 137.5కిని నడుమనున్న ఆ ఏడున్నర కిలోల మెట్టును తలచుకొనినపుడెల్ల నా మనస్సు నేటికిని కలుక్కుమనును.

పొలము పనిచేయువారికి ఈ డంబెల్స్ ఎందుకని మా ఊరి పెద్దలొకరు నన్నడిగిరి. పత్తి తీయుటయు, కలుపు తీయుటయు నడుమును దినమంతయు ఒక్కతీరుననే వంచును. బరువును తలపైకి నెట్టు పనిగాని, నడుము వద్దకు లాగు పనిగాని వానిలో లేదు. పైగా మన యిండ్లలో ఎందరు నేడు పొలమునకు పోవుచున్నారు? ముప్పదియేండ్లు దాటినది మొదలు కండ క్రమముగ తరుగునని వైద్యులు చెప్పుచున్నారు. వయోజనులు వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలము చేకూర్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మల్లయోధులు కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముపై ఏనుగును మోసిన కథలు వినుచు పెరిగిన మనము బలమనిన ప్రదర్శనయే అనుకొంటిమి గాని, పీటమీదినుండి చేయూనకుండ లేవగలుగుటయు బలమే.

మా యింటికి తెచ్చిన సెట్టు సంగతి చెప్పెదను. రెండున్నర కిలోలని అచ్చుగ్రుద్దిన ప్లేట్లను అనుమానముతో కిరాణా కొట్టు కాంటాపై పెట్టి చూడగా, ఒకటి రెండుంబావు దగ్గరనే ఆగినది, దాని జంట అంతకు మించి తూగినది. ఆనాటినుండి డబ్బు చేతికిచ్చుటకు ముందే తూకము వేయించుడని అందరికిని చెప్పుచున్నాను. సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవుకయే గాని, మందమైనవగుటచే రాడ్డుపై కొన్నియే పట్టును, నాపరాతి నేలపై పడినచో పగులును. పోతయినుమువి సన్నము, మన్నిక. బిళ్ళను త్రిప్పి బరువు మార్చెడి ఖరీదైన డంబెల్స్ వేగమునకు మేలైనవే, కాని లోపలి అమరిక చెడినచో బాగుచేయువారు మండలకేంద్రములో దొరకరు. నట్టు మాత్రము లోపల రబ్బరు వలయమున్నదే కొనుడు. బరువు పైకెత్తిన ప్రతి విడత పిదప దానిని మరల బిగింపుడు. వదులైన నట్టునుండి జారిన ప్లేటు పాదముపై పడును, ఒక్కొక్కప్పుడు ముఖముపైననే పడును.

అంగడివారిని నేను కోరునదొక్కటి: అరకిలో, ఒకటింబావు కిలోల ప్లేట్లను సెట్టుతో ముడిపెట్టక విడిగా అమ్మవలెను. వానికై నేను మూడు దుకాణములు తిరుగవలసివచ్చినది. ఏబది దాటిన మా ఇల్లాలు నట్లతో కలిపి రెండు కిలోలు తూగు వట్టి రాడ్డుతో మొదలిడి, అరకిలో ప్లేట్లతో మూడు కిలోలకు, వాని స్థానమున ఒకటింబావు ప్లేట్లతో నాలుగున్నరకు చేరినది. తీసి ప్రక్కన పెట్టిన అరకిలోవి బియ్యపు డబ్బా ప్రక్కన ఉన్నవి. వచ్చు సోమవారము అవియు మరల రాడ్డుకెక్కును.