అవ్వ పెంపకానికి లెక్క ఎక్కడ?

దుత్తలూరు మండలంలో వానలు మోసం చేస్తే పని కోసం ఊరు దాటడం కొత్తేమీ కాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెలది ఇదే పరిస్థితి. భూమి లేని దళిత కుటుంబాల్లో భార్యాభర్తలు వలస పోతే బిడ్డలు అవ్వ దగ్గరో, పిన్నమ్మ దగ్గరో మిగులుతారు. తల్లి చనిపోయినా, తండ్రి వదిలేసినా అంతే. మాటరాని బిడ్డయినా, నడవలేని బిడ్డయినా అంతే. వాడలో దీన్ని బంధుత్వం అంటాం. రాజ్యం ఏమంటుందన్నదే మా ప్రశ్న.

2015 బాలల న్యాయ చట్టంలోని 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించి చెబుతుంది. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచడం ఇది. దత్తత కాదు కాబట్టి కన్నవాళ్లతో చట్టబద్ధమైన బంధం తెగదు. తోబుట్టువులను వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలి. కమిటీ ప్రతి నెలా ఆ ఇంటిని తనిఖీ చేయాలి. 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలు పెళ్లికానివారికి, భర్తనో భార్యనో కోల్పోయినవారికి, విడాకులు పొందినవారికి కూడా ఫోస్టర్ పేరెంట్ అయ్యే అవకాశం ఇచ్చాయి. ఒంటరి పురుషుడికి మాత్రం ఆడపిల్లను అప్పగించరు. దత్తత కోరడానికి ముందు ఐదేళ్లు పెంచాల్సి ఉండగా, దాన్ని రెండేళ్లకు తగ్గించారు.

చిక్కు నిర్వచనంలో ఉంది. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డ సొంత కుటుంబం కాని ఇంట్లో పెరగడం. కాబట్టి అవ్వ ఈ లెక్కలోకి రాదు. ఆమె కోసం 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్ ఉంది. మిషన్ వాత్సల్యలో రెండింటికీ బిడ్డకు నెలకు 4,000 రూపాయలే. అయితే స్పాన్సర్‌షిప్‌కు గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 దాటకూడదు. 45వ సెక్షన్ నాలుగు పరిస్థితులను పేర్కొంది: తల్లి వితంతువో, విడాకులు పొందినదో, కుటుంబం వదిలేసినదో కావడం, అనాథ బిడ్డ బంధువుల దగ్గర ఉండటం, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు, ప్రమాదం వల్ల వాళ్లు పెంచలేని స్థితి. వలస అందులో లేదు. అనాథ అని చూపాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. ఎటో వెళ్లిపోయిన తండ్రికి ఏ కాగితం తేవాలి? జిల్లా కేంద్రానికి బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే.

వైకల్యమున్న బిడ్డ విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రులు పెంచలేకపోతే కోర్టు ముందు దగ్గరి బంధువుల వైపు చూడాలి. అది కుదరకపోతే ఆ సమాజంలోనే ఒక కుటుంబాన్ని వెతకాలి. హోమ్ అసాధారణ పరిస్థితుల్లోనే. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరుచేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు కూడా చెప్పాయి. అయినా రేకుల ఇల్లు, కూలి బతుకు చూడగానే 'నిర్లక్ష్యం' అని రాసేసే చూపు మనకు తెలియనిది కాదు. సంక్షేమ హాస్టల్ చదువుకు దారే. కానీ సెలవులకు అది మూసేస్తే బిడ్డ చేరేది మళ్లీ అవ్వ గుమ్మానికే.

ఫోస్టర్ కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు సామర్థ్యం, ఉద్దేశం, పిల్లలను పెంచిన అనుభవం చూడాలని 44వ సెక్షన్ అంటుంది. అనుభవమే కొలత అయితే అరుంధతివాడలోని ఆడవాళ్ల కంటే అర్హులెవరు? సామర్థ్యాన్ని గదుల లెక్కతో, బ్యాంకు నిల్వతో కొలిస్తే మాత్రం వాళ్లు మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. అప్పుడు దళిత బిడ్డ వేరే కులం ఇంటికి వెళ్లే అవకాశమే ఎక్కువ. వెళ్లడం తప్పని మేం అనడం లేదు. నెలవారీ తనిఖీలో కులం గురించి అడగకపోవడం తప్పు అంటున్నాం. బిడ్డ ఎక్కడ కూర్చుని తింటోంది? కంచం విడిగా పెడుతున్నారా? వంటింట్లోకి రానిస్తున్నారా, లేక అంట్లు తోమడానికే పిలుస్తున్నారా? ఈ ప్రశ్నలు లేని తనిఖీ సగం తనిఖీయే.

అందుకే మేం కోరేవి మూడు. వలస వల్ల బంధువుల దగ్గర పెరిగే పిల్లలను స్పాన్సర్‌షిప్‌లో చేర్చాలి. కాగితాల కోసం అవ్వను తిప్పకుండా గ్రామ సచివాలయంలోనే దరఖాస్తు పూర్తిచేయాలి. ఫోస్టర్ పేరెంట్స్‌గా దళిత మహిళలను వెతికి, శిక్షణనిచ్చి, డబ్బు నెలనెలా అందేలా చూడాలి.

ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. సెలవుల్లో ఊరికి వెళ్లే విద్యార్థులు తమ వాడలో కన్నవాళ్లు దగ్గర లేని పిల్లలెందరో అంగన్‌వాడీ టీచర్‌తో కూర్చుని రాయండి. ఎవరి దగ్గర ఏ కాగితం లేదో కూడా పక్కన రాయండి. ఆ జాబితాను జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కు ఫోన్ చేయండి. అవ్వ పెంపకం ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కాలంటే మొదటి పేరు మనమే రాయాలి.