కుంజుమ్ ఫొటో ఎక్కడ బ్రో?

స్పితి ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి మెసేజ్‌లన్నిట్లో ఒకటే ప్రశ్న. "కుంజుమ్ టాప్ ఫొటో ఎక్కడ బ్రో?" తాబో ఉంది, నాకో ఉంది, బఠాణీ చేల పక్కన గోడకి ఆనించిన సైకిళ్ళున్నాయి. పాస్ మీద రంగు జెండాల కింద సైకిల్ ఎత్తి పట్టుకున్న ఫొటో మాత్రం లేదు. ఉంటే పెట్టకుండా ఉంటానా?

లేదు. ఎందుకంటే నేను కుంజుమ్ ఎక్కలేదు. లోసర్ దాటి ఆరేడు కిలోమీటర్లు పోయాక, పికప్ బండి వెనకాల పడుకుని తిరిగొచ్చా. ఈ వారం ఆ కథే.

స్పితికి వెళ్ళని వాళ్ళ కోసం ముందు దారి చెప్పాలి. స్పితి నది కుంజుమ్ కొండల దగ్గర పుట్టి, హిమాచల్ ఆ చివర నుంచి ఆగ్నేయంగా పారి, ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. ఈ లోయలోకి రోడ్డు మీద రావాలంటే రెండు వైపుల నుంచి రావచ్చు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా వస్తే ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మనాలి నుంచి కుంజుమ్ మీదుగా వస్తే ఒక్కసారిగా 4,500 మీటర్ల పైకి ఎక్కి లోయలోకి దిగాలి. అందుకే అనుభవం ఉన్న సైకిల్ వాళ్ళు కిన్నౌర్ నుంచి మొదలుపెట్టి, కుంజుమ్‌ని చివరికి ఉంచుకుంటారు.

మేమూ అదే ప్లాన్ వేశాం. మేమంటే నేను, మా పిన్ని కొడుకు. వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరం వైజాగ్ వాళ్ళమే. ఏడాదిపాటు ఆదివారాలు ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కాం. క్యారియర్‌కి రెండు వైపులా సంచుల్లో ఇసుక నింపుకుని మరీ ఎక్కాం. చూసినవాళ్ళు ఇల్లు కడుతున్నామనుకున్నారు. కాళ్ళు మాత్రం ఇనుములా తయారయ్యాయి. నా తప్పు అక్కడే మొదలైంది. కాళ్ళు బాగుంటే చాలనుకున్నా.

సెలవు తక్కువ. వాడికి ఆ తర్వాతి సోమవారం బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. "రెకాంగ్ పియో నుంచి కాజా దాకా బస్సులో పోదాం, నాలుగు రోజులు మిగుల్తాయి" అన్నది నేనే. సైకిళ్ళు బస్సు టాప్ మీద కట్టేశాం. పొద్దున 2,300 మీటర్ల దగ్గరున్న మనుషులం రాత్రికి 3,600 పైన పడుకున్నాం. మర్నాడే లోడుతో లోసర్‌కి బయల్దేరాం. దాదాపు అరవై కిలోమీటర్లు, 4,000 మీటర్ల ఎత్తు.

రోడ్డు అద్భుతం, కాదనను. నది అవతల గుట్ట మీద కీ గోంపా, పేర్చిన అగ్గిపెట్టెల్లా తెల్లటి గదులు. వానమబ్బులు దాటి రాలేని లోయ కాబట్టి ఊళ్ళ దగ్గర తప్ప చెట్టు కనపడదు. కొండలన్నీ బూడిదరంగు, ఇటుకరంగు, మధ్యలో హఠాత్తుగా పచ్చటి బఠాణీ మడి. మధ్యాహ్నమయ్యేసరికి ఎండకి కొండవాలు వేడెక్కి గాలి లేస్తుంది. ఆ గాలితోపాటు దుమ్ము. పళ్ళ మధ్య కరకరలాడుతుంది.

అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, మన బీచ్‌లో ఎంతో అంతే, 21. తగ్గేది గాలి ఒత్తిడి. 4,000 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానికి అరవై శాతమే. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. నీళ్ళు 87 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉండిపోతుంది. ఒంటికి ఇదంతా అలవాటు కావాలంటే రోజులు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మర్నాటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి అంటారు డాక్టర్లు. ఇవన్నీ నాకు తెలుసు. ఈ కాలమ్‌లోనే రాశా కూడా!

లోసర్ చేరేసరికి తల పగిలిపోతోంది. పారాసిటమాల్ వేసుకున్నా. అరగంటలో తగ్గింది, హమ్మయ్య అనుకున్నా. మాత్ర నొప్పిని కప్పెట్టింది తప్ప జబ్బుని తగ్గించలేదని అప్పుడు తట్టలేదు.

"అన్నయ్యా, తిన్లేదేంటి?"

"బాగా అలిసిపోయాన్రా."

ఇంతే. వాడితో అబద్ధమాడా. నిజం చెప్తే పాస్ పోతుందని భయం. మేం దిగిన ఇంటావిడ మాత్రం గిన్నెలో వదిలేసిన థుక్పా చూసింది, నన్ను చూసింది. "రేపు పైకి పోకండి, ఒక రోజు ఉండండి" అంది హిందీలో. నవ్వి ఊరుకున్నా.

పొద్దున్నే ఒకసారి వాంతి. వాడు సైకిల్ చెయిన్‌కి ఆయిల్ వేస్తుంటే ఇంటి వెనక్కి పోయి కానిచ్చుకొచ్చా. త్వరగా బయల్దేరాలని తొందరపెట్టింది కూడా నేనే. మంచు కరిగేకొద్దీ సాయంత్రానికి రోడ్డు మీది వాగులు పొంగుతాయి, పొద్దున్నే అయితే దాటొచ్చు. ఆ లెక్కలన్నీ కరెక్టుగా వేశా. నా లెక్క ఒక్కటే వెయ్యలేదు.

ఎక్కుడు మొదలైంది. కంకర రోడ్డు, గంటకి ఐదు కిలోమీటర్లు. కాసేపటికి ఏ గేరు పైది, ఏది కిందిదో తెలియడం మానేసింది. ఎక్కాల్సిన చోట బరువు గేరు వేసి, ఆగిపోయి, పక్కకి పడ్డా. లేచి మళ్ళీ పడ్డా. వాడు సైకిల్ దింపేసి వచ్చి, నా మొహంలోకి చూసి, రాయితో దుమ్ములో గీత గీశాడు.

"దీని మీద నడువు. మడమ, వేలు తగిలేట్టు."

"ఏంట్రా, తాగాననుకున్నావా?"

"నడువన్నయ్యా."

మూడో అడుగుకే గీత దాటా. కోపమొచ్చింది. అరిచా. ఏమని అరిచానో ఇక్కడ రాయలేను. వాడు తిరిగి ఒక్క మాట అన్లేదు. రోడ్డుకి అడ్డంగా నిలబడి, మనాలిలో బఠాణీ దించేసి ఖాళీగా వస్తున్న పికప్‌ని ఆపాడు. నడక తూలిందంటే నీరు మెదడు దాకా చేరుతోందన్నమాట, ఇక మాత్రలతో ఆగదు, వెంటనే దిగాలి అని కాజా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడుతూ చెప్పారు. ఇంకో రెండు మూడు గంటలు ఎక్కి ఉంటే అనే మాట వాళ్ళు పూర్తి చెయ్యలేదు, నేనూ అడగలేదు. అక్కణ్ణుంచి ఇంకా కిందికి, తాబోకి పంపించారు.

తాబోలో మూడు రాత్రులున్నాం. 996లో కట్టిన మట్టి గోడల గోంపా అది, లోపల గోడల నిండా బొమ్మలు. ఫొటోలు తియ్యనివ్వరు, కాబట్టి కూర్చుని చూడ్డమే. చాలాకాలం తర్వాత ఒక గోడని అరగంట చూశా.

ఆ తర్వాత డాక్టర్ సరేనన్నాక సైకిళ్ళెక్కి నదితోపాటు కిందికి బయల్దేరాం. రోజుకి నలభై కిలోమీటర్లు, అంతే. చాంగోలో ఆపిల్ తోటల పక్కన ఆగాం. నాకో దాకా మళ్ళీ ఎక్కుడు, ఈసారి తల నొప్పి లేదు. నాకో నుంచి ఖాబ్‌కి మెలికలు మెలికలుగా దిగుడు. పది నిమిషాలకోసారి ఆగి, వేడెక్కిన డిస్క్ బ్రేకులు చల్లారేదాకా కూర్చున్నాం. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్పులో అన్నిటికన్నా బాగున్న రోడ్డు ఇదే. వచ్చేటప్పుడు బస్సులో నిద్రపోతూ దాటేశాం. మీరెళ్తే ఈ ముక్కని బస్సుకి ఇవ్వకండి. సెలవు చాలకపోతే కుంజుమ్ వదిలెయ్యండి, ఇది వదలకండి.

దిగినన్ని రోజులూ వాడు కుంజుమ్ ఊసెత్తలేదు. ఖాబ్ బ్రిడ్జి మీద, రెండు నదులు కలిసేచోటు చూస్తూ నేనే ఎత్తా.

"ఒరేయ్, నువ్వొక్కడివే అయితే ఎక్కేసేవాడివి కదరా."

"ఆ, ఎక్కేవాణ్ణే" అన్నాడు. కాసేపాగి, "బిస్కెట్ పాకెట్ నీ సంచిలో ఉంది, ఇలా ఇవ్వు."

వాడిప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఏడాదికి పద్దెనిమిది సెలవులట. వచ్చే ఆగస్టుకి పది అడిగి పెట్టుకున్నాడు. ఈసారి రెకాంగ్ పియో నుంచే తొక్కుతాం.

ఇక ఫొటో. అడిగారు కాబట్టి ఈ వారం అదే పెట్టా. ఖాళీ గోనెసంచుల మీద నోరు తెరిచి పడున్నది నేను. పక్కన ఒకదాని మీద ఒకటి రెండు సైకిళ్ళు. వెనకాల మసకగా, మలుపు దగ్గర కనిపించేదే కుంజుమ్ వైపు పోయే రోడ్డు. తీసింది వాడు, అందుకే వాడు అందులో లేడు.