బిడ్డ ఎటు తిరుగుతుందో చూడండి

బిడ్డకు వినిపిస్తుందో లేదో అని అనుమానం వస్తే మన ఊళ్లలో చేసే పని ఒకటే. వెనక నిలబడి కంచం మోగిస్తారు. బిడ్డ ఉలిక్కిపడితే 'చెవులు భేషుగ్గా ఉన్నాయి' అని తేల్చేస్తారు. ఈ పరీక్ష సగమే. చప్పుడు వినడం వేరు, అది ఏ పక్క నుంచి వచ్చిందో పోల్చుకోవడం వేరు.

కుడి పక్కన గంట మోగితే ఆ శబ్దం కుడి చెవికి ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. ఎడమ చెవికి చేరడంలో ఆలస్యం పెద్దవారికే సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పసిబిడ్డ తల చిన్నది గనుక అంతకంటే తక్కువ. ఆ పిసరంత తేడాను పట్టుకొనే మెదడు దిక్కు తెలుసుకుంటుంది. తల పెరిగేకొద్దీ ఆ లెక్క మారుతూ ఉంటుంది, మెదడు మళ్లీ నేర్చుకోవలసిందే.

పురిటిబిడ్డ కూడా చప్పుడు వైపు మెల్లగా తల తిప్పుతుంది. రెండు మూడు నెలలప్పుడు అది సన్నగిల్లుతుంది. తల్లులు కంగారు పడనక్కరలేదు. నాలుగైదు నెలలకు మళ్లీ వస్తుంది, ఈసారి మరింత చురుకుగా. సుమారు అయిదేళ్లకు పెద్దలకు దగ్గరగా పోల్చుకోగలుగుతారు.

ఇందుకు రెండు చెవులూ పనిచేయాలి. ఒక్క చెవే వినిపించే పిల్లలకు మాటలు వస్తాయి, పాటలు వస్తాయి. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వెనక ట్రాక్టరు వస్తే మాత్రం ఏ పక్కకు తప్పుకోవాలో తెలియదు. బడిలో పరధ్యానం అని చివాట్లు తింటారు. జలుబు చేసి చెవిలో నీరు, చీము చేరి నెలల తరబడి ఉన్నా ఇదే ఇబ్బంది. కొందరికి చెవి బాగుపడ్డాక కూడా ఈ నేర్పు వెంటనే రాదు. కాచిన నూనె, ఆకు పసరు పోసి ఊరుకోవడం చెవికి చేటు.

ఆరేడు నెలల బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. మరొకరు వెనక, చూపుకు అందకుండా, చెవికి మూరెడు దూరంలో గిలక్కాయ మెల్లగా ఆడించాలి. ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. టీవీ, ఫ్యాను కట్టేయాలి. ఎటు ఆడించినా ఒకే పక్కకు తిరిగినా, అసలు తిరగకపోయినా డాక్టరుకు చూపించవలసిందే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి ప్రభుత్వ బడికి రావాలి. వినికిడి లోపం వారు చూడవలసిన వాటిలో ఉన్నదే. అయితే తల్లి పొలానికి పోయిన వేళ వస్తే బిడ్డ సంగతి చెప్పేదెవరు? బృందం వచ్చే రోజు ముందుగా ఊళ్లో చాటింపు వేయించాలి. తల్లులు ఆ పూట పని మానుకొనైనా వెళ్లి, రెండు చెవులూ విడివిడిగా పరీక్షించమని అడగాలి.