పరిశీలకుని చేవ్రాలు

కంప్యూటరు లోపలి పరికరములు పరస్పరము సంభాషించుకొను తీగల బాటను ‘బస్సు’ అందురు, ఆర్.టి.సి. బస్సు కాదు సుమా! 1982లో ఫిలిప్స్ సంస్థ రూపొందించిన ఐ2సి బస్సుకు ఉన్నవి రెండే తీగలు: ఒకటి సమాచారమునకు, మరొకటి గడియారపు స్పందనకు. మందగతిగల పరికరము ఆ రెండవ తీగను దించి పట్టుకొని ‘కొంచెమాగుము’ అనవచ్చును. ఎన్నటికిని వదలకపోయిన? గడువు లేక నిరీక్షించు డ్రైవరు కెర్నలునే స్తంభింపజేయవచ్చును. వ్రాసినవారికి ఈ సందేహము సులభముగా కలుగదు. వారి బల్లమీద పరికరము చక్కగానే పనిచేయుచున్నది కదా! చదివినవారికే కలుగవలెను.

1991లో ఆరంభమైన లినక్స్ కెర్నలులో, అట్లు చదివి సమ్మతించినవారి పేరును ‘రివ్యూడ్-బై’ అని రచయిత పేరుతోపాటు చేర్చు ఆచారమున్నది. తాళపత్ర ప్రతులను సరిపోల్చిన పరిష్కర్తలను మనమూ పండితులనియే గౌరవించితిమి. అయినను మన తరగతులలో కోడు వ్రాయుటకే మార్కులు. ఇతరుల కోడు చదువుటకు అరుదు. మిత్రుని తప్పు చూపుట తగవని తలచు మొగమాటమొకటి! ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కసారియైనను, గడువు మరచిన డ్రైవరునిచ్చి ‘ఇందేమి లోపించినది?’ అని అడుగవలెనని మేము కోరుచున్నాము.