వంటింట్లో బ్యాంకు ఆఫీసరు: అమ్మ అడిగిన నూడుల్స్

కిందటి సంచికలో ముద్దపప్పు గురించి రాసినందుకు ముగ్గురు పాఠకులు ఫోను చేశారు. ఇద్దరు మెచ్చుకున్నారు. మూడో ఆవిడ అంబత్తూరు నుంచి మాట్లాడుతూ, "పప్పు మాకూ వచ్చు గానీ, మా పిల్లలు రోజు విడిచి రోజు సెల్‌ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకునే ఆ చికెన్ నూడుల్స్ ఇంట్లో తొందరగా చేసుకునే దారి ఏదైనా ఉంటే రాయండి, పుణ్యముంటుంది" అన్నారు. రాస్తానని మాటిచ్చాను. మాటివ్వడం తేలికే. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా లెడ్జర్లూ లోను కాగితాలూ చూసుకుంటున్నవాడికి నూడుల్స్ ఎందుకు ముద్దవుతాయో ఎలా తెలుస్తుంది చెప్పండి? అయినా ఈ మూడు నెలల్లో తెలుసుకోవలసి వచ్చింది. అందుకు కారణం అంబత్తూరు ఆవిడ కాదు, మా అమ్మ.

అమ్మకి డెబ్బయ్యేడేళ్ళు. సంక్రాంతి వెళ్ళిన వారానికి స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, వారం తిరక్కుండా ఇంటికి తీసుకొచ్చేశాం. తీరా ఇంటికొచ్చాక తిండి మానేసింది. చారన్నం రెండు ముద్దలు, ఆ తర్వాత "చాల్లే నాయనా". మా ఆవిడ గంజి కాచింది, ఇడ్లీ పాలల్లో నానబెట్టింది, గుడ్డు ఉడకబెట్టి మెత్తగా చిదిమింది. ఏదీ సాగలేదు. ఆస్పత్రిలో యాభై రెండు కిలోలున్న మనిషి నెల తిరిగేసరికి నలభై ఆరుకొచ్చింది. డాక్టరుగారు, "గుడ్డో, చేపో, చికెనో, ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలండీ. కండ పట్టకపోతే ఆవిడ మళ్ళీ నడవలేరు" అని తేల్చి చెప్పారు. లోను వసూలు కాకపోతే నోటీసు ఇవ్వొచ్చు. అమ్మకి ఏ నోటీసు ఇస్తాం?

ఒకరోజు రాత్రి పది దాటాక మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చింది. ఆకలేస్తోందంటూ వెల్లుల్లి దంచి నూనెలో వేసి, పొట్లం నూడుల్స్ ఏవో కలుపుతోంది. ముందుగదిలో మంచం మీంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమిటే అది, ఖావ్‌స్వేనా?"

మా అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కానీ అమ్మ నోట ఆ మాట విని ముప్ఫై ఏళ్ళు దాటి ఉంటుంది.

ఖావ్‌స్వే అంటే బర్మా భాషలో నూడుల్సే. మా అమ్మ పుట్టింది రంగంలో. రంగం అంటే ఈ కాలం పిల్లలకి స్టేజీ అనే తెలుసు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళకి మాత్రం రంగమంటే రంగూనే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళారు కాబట్టి మనవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. మా తాతయ్యది శ్రీకాకుళం వైపు. రంగంలో చిన్న కిరాణా కొట్టుండేది. 1962 మార్చిలో జనరల్ నే విన్ ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నాడు. 1963లో బ్యాంకుల్ని, 1964లో కొట్లని జాతీయం చేశాడు. లక్షల మంది భారతీయులు ఉన్నదంతా అక్కడ వదిలేసి ఓడల్లో మద్రాసుకీ విశాఖపట్నానికీ తిరిగొచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు, ఇక్కడ బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజారు, ఈ పేర్లన్నీ ఆ రోజుల్లో పడ్డవే. మా తాతయ్య కుటుంబం మద్రాసులో దిగి వ్యాసర్పాడి చేరింది. అమ్మకప్పుడు పదహారేళ్ళు. పెళ్ళయ్యాక చూలై వచ్చింది, ఇక్కడే ఉండిపోయింది.

సరే, అమ్మ నోరు తెరిచి ఒక వంటకం పేరు అడిగింది. మర్నాడు సాయంత్రం స్కూటరు తీసి, సెంట్రల్ దాటి, ప్యారిస్ వెనక సెకండ్ లైన్ బీచ్‌కి వెళ్ళాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళు మొదలుపెట్టిన అతో బళ్ళు అక్కడే కదా. అతో అంటే కలిపిందని అర్థం. నారింజరంగు నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయలు, వెల్లుల్లి, చింతపండు పులుసు, కారం వేసి చేత్తోనే కలిపి, పైన అప్పడంలాంటి బేజో నలిపి ఇస్తారు. పక్కన అరటిదూట వేసిన వేడి సూపు. నాకు ప్రాణం. పొట్లం కట్టించి తెచ్చాను. అమ్మ ఒక పోగు నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జ్ఞాపకాలేమో అనుకుని నేనూ కరిగిపోయాను. కాదట, కారమట.

ఇక ఇంట్లోనే చెయ్యాలని నిశ్చయించుకున్నాను. మొదటిసారి చేసింది చూసి అమ్మ, "ఇది ఖావ్‌స్వే కాదురా, జావ" అంది. రెండోసారి చికెన్ చెప్పు ముక్కలా సాగింది. అయిదోసారికి కుదిరింది. ఆ నాలుగు తప్పులూ మీకు లేకుండా చెబుతాను.

ముగ్గురికి రెండువందల గ్రాముల ఎండు నూడుల్స్ చాలు. మసాలా పొట్లంతో వచ్చే రెండు నిమిషాల రకం కాదు. అది ముందే నూనెలో వేయించి ఎండబెట్టింది, వేడినీళ్ళు తగిలితే చాలు, మెత్తబడిపోతుంది. పొట్లం మీద హక్కా అని రాసి ఉండే సాదా రకం తీసుకోండి. (అన్నట్టు, ఈ హక్కాలు కలకత్తా టాంగ్రాలో తోళ్ళ పరిశ్రమ నడిపిన చైనావాళ్ళు. తోళ్ళ వ్యాపారానికి పేరుపడ్డ పెరియమేడు మా చూలై పక్కనే ఉన్నా, ఆ నూడుల్స్ మటుకు మన దాకా హోటళ్ళ దారినే వచ్చాయి.) పెద్ద గిన్నె నిండా నీళ్ళు తెర్లించి, ఉప్పేసి, నూడుల్స్ వెయ్యండి. పొట్లం మీద రాసినదానికి ఒక నిమిషం ముందే దించెయ్యాలి. పోగు కొరికి చూస్తే మధ్యలో సన్నగా గట్టిదనం తగలాలి. వెంటనే వార్చి, కుళాయి కింద చన్నీళ్ళు పొయ్యండి. పైనున్న గంజి పోతుంది, ఉడకడం ఆగుతుంది. చెంచాడు నూనె రాసి పళ్ళెంలో పరిచి ఆరబెట్టండి. నా మొదటి జావకి కారణం ఇక్కడే ఉంది. తడి నూడుల్స్‌ని వేడివేడిగా బాణలిలో వేశాను.

చికెన్ పావుకిలో. ఎముకలేని తొడ మాంసం అడగండి. రొమ్ము మాంసం తొందరగా బిరుసెక్కుతుంది. నారకి అడ్డంగా, వేలెడు పొడుగున పల్చగా కోసుకోవాలి. నారవెంట కోస్తే ఎంత ఉడికించినా సాగుతుంది. రెండు చెంచాల సోయాసాసు, అర చెంచా మిరియాలపొడి, చెంచా కార్న్‌ఫ్లోరు, చెంచా నూనె పట్టించి పావుగంట పక్కన పెట్టండి. ఆ పిండి ముక్కకి పల్చటి పొరలా పట్టి లోపలి నీటిని బయటికి పోనివ్వదు. ఈ పావుగంటలోనే నూడుల్స్ ఉడకడం, కూరలు తరగడం అయిపోవాలి. అప్పుడే ఇరవై అయిదు నిమిషాల్లో పళ్ళెంలోకి వస్తుంది.

అసలు కిటుకంతా మంటలో ఉంది. హోటలువాడి పొయ్యి ముందు మన ఇంటి గ్యాసు పొయ్యి దీపంలాంటిది. అన్నీ ఒక్కసారే బాణలిలో కుమ్మరిస్తే వేడి పడిపోయి, ముక్కల్లోంచి నీరూరి, వేగాల్సింది ఉడుకుతుంది. కాబట్టి వాయిలుగా చెయ్యాలి. ఇనప బాణలి పొగ వచ్చేదాకా కాలనిచ్చి, రెండు చెంచాల నూనె వేసి, చికెన్ సగం పరచండి. నిమిషం దాకా కదపొద్దు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, లోపల గులాబీరంగు పూర్తిగా పోయాక తీసి, మిగతా సగం వెయ్యండి. అదే బాణలిలో మళ్ళీ నూనె, దంచిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, చిన్న అల్లం ముక్క. వెల్లుల్లి రంగు తిరగ్గానే ఉల్లిపాయ, క్యారెట్, గుప్పెడు క్యాబేజీ. రెండు నిమిషాలు చాలు, కరకరలాడుతూనే ఉండాలి. ఇప్పుడు నూడుల్స్, చికెన్, ఇంకో రెండు చెంచాల సోయాసాసు. గరిటెతో కెలక్కండి, రెండు గరిటెలతో ఎత్తి పొయ్యండి. ఉప్పు చివర్న, రుచి చూసి మాత్రమే. సోయాసాసులోనే బోలెడుంటుంది. మూడోసారి నేను అది మరిచిపోయాను. పొయ్యి కట్టేశాక అర చెంచా వెనిగరు, ఉల్లికాడలు.

అజినమోతో వెయ్యాలా అని మా ఆవిడ అడిగింది. 1908లో టోక్యోలో ఇకెడా అనే ప్రొఫెసరు సముద్రపు నాచులోంచి తీసిన ఆ రుచే సోయాసాసులోనూ కొంత ఉంటుంది. మేం వెయ్యలేదు, లోటూ తెలియలేదు.

ఇంకోమాట. మా కింద వాటాలో జైనుల కుటుంబం ఉంది. ఉల్లి వెల్లుల్లే ముట్టరు, ఇక కోడి సంగతి చెప్పక్కర్లేదు. పాతికేళ్ళుగా ఇచ్చిపుచ్చుకుంటున్న స్నేహం. అంచేత చికెన్ వండేరోజు మెట్లవైపు కిటికీ మూసి, వీధివైపుది తెరుస్తాం. అమ్మ పడినప్పుడు ఆంబులెన్సు పిలిచింది ఆ ఇంటి పెద్దాయనే.

అయిదోసారి కుదిరిందన్నాను కదా. అమ్మ పళ్ళెం దగ్గరికి తీసుకుని చూసింది. "సెనగపిండేదిరా?" అంది. వేయించిన సెనగపిండి పైన చల్లాలట, నిమ్మకాయ పిండాలట, పసుపు వేసి ఉల్లిపాయలు వేయించిన నూనె ఒక చెంచా పొయ్యాలట. ఇన్నాళ్ళూ చెప్పలేదేమే అంటే, "నువ్వు అడిగావా?" అంది. నిజమే, అడగలేదు. మా ఆవిడ గబగబా రెండు చెంచాల సెనగపిండి కమ్మటి వాసన వచ్చేదాకా పొడి బాణలిలో వేయించింది. కట్టుడుపళ్ళతో పోగులు ఇబ్బందని కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి, చికెన్ ఇంకా సన్నగా చిదిమి ఇచ్చాను. అమ్మ మంచం మీద వెన్ను నిలబెట్టి కూచుని, పళ్ళెంలో సగం పైగా తింది.

తింటూ తింటూ చెప్పింది. 1964 మే నెలలో ఒకరోజు, యాభై చాట్లు, వంద చాట్ల నోట్లు ఇక చెల్లవని రంగంలో ప్రకటించారట. తాతయ్య కొట్టు అప్పటికే పోయింది. ఓడ టిక్కెట్లకని దాచిన నోట్లన్నీ అవే. వాటిని పట్టుకుని లైన్లో నిలబడ్డాడు. ఎంత తిరిగొచ్చిందో అమ్మకి తెలియదు. ఆ రాత్రి మాత్రం ఇంటికొస్తూ, వీధి చివర బర్మా ముసలమ్మ దగ్గర అందరికీ ఖావ్‌స్వే కొనుక్కొచ్చాడట. ఆరుగురు పిల్లలకీ తలో పొట్లం. అమ్మమ్మ, "ఈ రోజేనా ఈ ఖర్చు?" అని దెబ్బలాడిందట. "ఉన్న చిల్లరైనా చెల్లుతుండగా తిననీ" అన్నాడట తాతయ్య.

2016 నవంబరు 8 తర్వాత నేను కౌంటరుకి అవతల కూచుని వారాల తరబడి పాత నోట్లు లెక్కపెట్టాను. రాత్రి పదకొండింటికి ఇంటికొస్తే అమ్మ మేలుకుని ఉండేది. "లైన్లో ముసలాళ్ళుంటే ముందు పంపించు నాయనా" అని రోజూ అదే మాట. చాదస్తమనుకుని విసుక్కున్నాను కూడా. తాతయ్య లైను సంగతి ఆవిడ అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు చేస్తున్నాం. నిన్న తూచితే నలభై ఎనిమిదిన్నర. వాకరు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, బాణలి ఇంకా కాలలేదని చెబుతోంది. అంబత్తూరు ఆవిడకి ఒక మనవి: సెనగపిండి మాత్రం మానకండి, కానీ వడ్డించే ముందే చల్లండి. ముందే కలిపితే నూడుల్స్ పొడిపొడిగా పిండిపట్టిపోతాయి. అది నా నాలుగో తప్పు అనుకునేరు. ఆరోది.