ఫిగ్మా మనకి, జేపెగ్ వాళ్ళకా?

మొన్నామధ్య తమ్ముడి పెళ్ళికి శుభలేఖలు సూర్యాపేటలో వేయించాం. పెళ్ళికూతురు వాళ్ళది కోదాడ, మేనమామ వాళ్ళు మిర్యాలగూడ, నేనేమో హైదరాబాద్. డిజైనర్ పంపిన జేపెగ్ మీద అన్ని ఊళ్ళ నుంచీ వాట్సాప్‌లో కరెక్షన్లే కరెక్షన్లు. ఏడో కాపీ నేను బస్సులో ఫోన్‌లోనే చూసి ఓకే అనేశా. అయిదొందల కార్డులు అచ్చయ్యాక చూస్తే అమ్మమ్మ పేరులో "లక్ష్మి" కాస్తా "లక్మి" అయ్యింది. ఆవిడ వేలు పెట్టి చదువుకుని, "పోనీలే బిడ్డా, నేనేనని ఎరుకైతది గదా" అంది.

ఆఫీసులో చెప్తే "డీటీపీ వాళ్ళంతే బాస్, ఫిగ్మా నేర్చుకోరు" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అసలు తప్పెక్కడ పుట్టింది? నేను పంపింది యూనికోడ్ తెలుగు. ఆయన వాడేది పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు. వాటిలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. నా మెసేజ్ అక్కడ పేస్ట్ చేస్తే చెత్తే వస్తుంది. అందుకే ప్రతి కరెక్షనూ చూసి మళ్ళీ చేత్తో కొట్టాలి.

అదే షాపులో పక్కన కుర్చీ వేసుకుని "అన్నా, ఆ వత్తు చూడు" అంటే పావుగంటలో అయిపోయేది. మనం పెయిర్ డిజైనింగ్ అని స్లైడ్లేసి చెప్పేది ఆయన రోజూ చేస్తున్నాడు. చేతకాక కాదు, ఆయన టూల్‌కీ మన ఫోన్‌కీ మధ్య అక్షరం దాటడం లేదు. అంతే!

తెలుగు 1991లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. మరి మారొచ్చుగా అంటారా? పాత ఫైళ్ళన్నీ అనూలో, వేళ్ళకి అలవాటైన కీబోర్డు అదే. ఫిగ్మా పుట్టింది తెరల కోసం, అచ్చు కోసం కాదు. సీజన్‌లో షాపు మూసుకుని కొత్తది నేర్చుకోమని చెప్పడం మనకి తేలిక, నెల జీతం వస్తుంది కాబట్టి.

అలాగని దారి లేదా? ఉంది. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. కొత్త ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే వత్తులు సరిగ్గా పడతాయి. ఆ సెట్టింగ్ చూపించడానికి అరగంట చాలు. డిజైన్ చూడకముందే పేర్లన్నీ ఇంట్లో ఒక్కరే సరిచూసి పంపితే సగం గొడవ ఉండదు.

ఈ దసరాకి ఊరెళ్ళినప్పుడు నేను ఆ షాపుకి వెళ్తున్నా. మీ ఊళ్ళో షాపుకి మీరెళ్తారా, లేక ఇక్కడే కూర్చుని నవ్వుతారా?