పోషణ గురించి చెప్పేవాళ్లకు శిక్షణ ఏది?

ఈమధ్య మన సంఘం యువకులు రక్తదాన శిబిరం పెట్టారు. పేర్లిచ్చిన ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తం ఇవ్వకుండానే ఇంటికి వచ్చేశారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. వాళ్లకు తొమ్మిది, పది దగ్గరే ఆగింది. అందరూ రైతుల పిల్లలే, కూలీల పిల్లలే. ధాన్యం పండించే ఇళ్లలో పిల్లలకు రక్తం లేదంటే మనం తల దించుకోవాల్సిన సంగతి.

ఇది ఒక్క ఊరి గోడు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది, తెలంగాణలో 58 మంది.

మెచ్చుకోవాల్సింది ఆ పిల్లల్నే. శిబిరంతో సరిపెట్టుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తింటున్నారో నోటుబుక్కులో రాశారు, బడి వెనక ఖాళీ జాగాలో కూరగాయల మళ్లు వేద్దామన్నారు. రెండో వారానికే చిక్కొచ్చింది. 'మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందమ్మా, ఏం చెయ్యను?' అని ఒకావిడ అడిగింది. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందని చెప్పగలిగినవాళ్లు ఆ గుంపులో లేరు. ఇంకో ఇంట్లో రేషన్ బియ్యంలో కలిసిన గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేస్తున్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పట్నం నుంచి ఒకావిడను పిలిపించాం. మంచావిడే. గోడకు తగిలించిన పటంలో యాపిల్, దానిమ్మ, ఖర్జూరం. కలుపుకి పోయే ఆడవాళ్లు పావుగంట కూర్చుని లేచిపోయారు. రాగి సంకటి గురించి, మునగాకు గురించి, చేలో కలుపని పీకేసే తోటకూర గురించి చెబితే కూర్చునేవాళ్లు. అన్నం తినగానే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, కూరలో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. ఈపాటి మాటకు యాపిల్ బొమ్మ అక్కర్లేదు. పాలన్నీ డెయిరీకి పోసి పిల్లలకు టీ నీళ్లు ఇస్తున్న సంగతి, మగవాళ్లంతా తిన్నాక అడుగున మిగిలిందే ఆడవాళ్లకన్న సంగతి కూడా ఎత్తాలి. అది మనకే గుచ్చుకుంటుంది. అయినా ఎత్తాలి.

అందుకు ఊరి మనిషే కావాలి, ఆమెకు సరైన శిక్షణ ఉండాలి. పరీక్ష కాగితం చదవడం, ఎవరిని ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పంపాలో గుర్తించడం, యువకుల మీద పెత్తనం చెయ్యకుండా వాళ్ల పనికి తోడుండడం, ఇవన్నీ నేర్పాలి. ఈ బరువు కూడా అంగన్‌వాడీ టీచరు మీద, ఆశా మీద పడేస్తే కుదరదు. వాళ్లకు రిజిస్టర్లు, యాప్‌లతోనే తెల్లారుతోంది. నేర్పేవాళ్లు లేకా కాదు. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఊరికి ఇద్దరు అబ్బాయిలను, ఇద్దరు అమ్మాయిలను తయారు చెయ్యమంటోంది. మీ ఊళ్లో ఆ నలుగురు ఎవరో ఒకసారి అడిగి చూడండి.

మండలానికొక శిక్షణ, నేర్చుకున్నవాళ్లకు నెలనెలా వేతనం సర్కారు ఇవ్వాలి. సేవ పేరు చెప్పి ఆడవాళ్లతో ఊరికే చాకిరీ చేయించుకున్నది చాలు. రాగులు తినమని చెప్పే సర్కారు, ఊరి దగ్గరే వాటిని మద్దతు ధరకు కొనాలి కూడా.

వచ్చే మండల కమిటీ సమావేశానికి ప్రతి గ్రామ శాఖా శిక్షణకు వచ్చే ఇద్దరు మహిళల పేర్లు తేవాలి. యువకులు రాసిన నోటుబుక్కులు కూడా తెండి. మూడు నెలల్లో మళ్లీ రక్తపరీక్ష చేయిస్తామని పిల్లలు తేదీ పెట్టుకున్నారు.